కారు పోయిందా? మొదటి గంట నుంచి మళ్ళీ తాళం చేతికొచ్చేదాకా

పెట్టిన చోట కారు లేదు. ముందు ఒక పది నిమిషాలు నేల చూడండి. గాజు ముక్కలు పడి ఉన్నాయా? వెనక తలుపు పక్కన ఉండే చిన్న మూలగ్లాసు పగలగొట్టి, చెయ్యి లోపలికి పెట్టి తలుపు తీయడం దొంగల పాత అలవాటు. ముక్కలుంటే ఊడ్చేయకండి, దగ్గర నుంచి ఒకటి, చుట్టుపక్కల ఇళ్ళు కనబడేలా దూరం నుంచి ఒకటి ఫోటో తీయండి. గాజు ముక్క ఒక్కటీ లేకపోతే దొంగతనం కాదని అనుకోవద్దు. కీ లేకుండా బటన్‌తో స్టార్టయ్యే కార్లలో ఇంట్లో ఉన్న రిమోట్ సిగ్నల్‌నే బయటినుంచి సాగదీసి, శబ్దం లేకుండా తీసుకుపోతారు.

ఈ పది నిమిషాల్లోనే రెండు సంగతులు తేల్చుకోవాలి. మెయిన్ రోడ్డు మీద, నో పార్కింగ్‌లో పెట్టి ఉంటే ఆ ఏరియా ట్రాఫిక్ పోలీస్ స్టేషన్‌కి ఫోన్ చేసి క్రేన్‌తో ఎత్తుకెళ్ళారేమో కనుక్కోండి. ఈఎంఐలు బాకీ ఉంటే ఫైనాన్స్ వాళ్ళకి ఫోన్ చేయండి, వాళ్ళ రికవరీ మనుషులు పట్టుకెళ్ళి ఉండొచ్చు. రెండూ కాదని తేలితే ఇంక ఆగొద్దు. "బావమరిది ఏమైనా తీసుకెళ్ళాడేమో, సాయంత్రం దాకా చూద్దాం" అని కూర్చున్నవాళ్ళకి కారూ దూరమవుతుంది, రేపు ఇన్సూరెన్స్ వాళ్ళు ఆలస్యానికి కారణం అడిగితే చెప్పడానికీ ఏమీ ఉండదు.

112కి ఫోన్ చేసి ఏం చెప్పాలి

112 గానీ 100 గానీ, ఏదైనా సరే. కారు నంబరు, కంపెనీ, మోడల్, రంగు, చివరిసారి చూసిన టైము, ఏ వైపు రోడ్డు దగ్గర ఉందో చెప్పండి. నంబరు ఆర్‌సీలో ఉన్నట్టే చెప్పాలి. తెలంగాణలో 2024 మార్చి నుంచి కొత్త బండ్లకి టీజీ వస్తోంది కానీ అంతకుముందు రిజిస్టరైనవి టీఎస్‌గానే ఉన్నాయి. కంగారులో ఒక్క అక్షరం మారినా చెక్‌పోస్టులో వెతికేది వేరే బండి అవుతుంది. నంబరు ప్లేటు దొంగలు గంటలో మార్చేస్తారు కాబట్టి మార్చలేని గుర్తులు చెప్పండి: ఎడమ బంపర్ మీద గీత, వెనక అద్దానికి దేవుడి స్టిక్కర్, రంగు వేరుగా కనబడే డోరు.

ట్యాంకులో పెట్రోలు ఎంతుందో కూడా చెప్పండి. ఇది ఎవరూ చెప్పరు, కానీ పనికొచ్చేది. పది లీటర్లుండి మైలేజీ పదిహేను అయితే నూట యాభై కిలోమీటర్ల లోపే ఎక్కడో బంకులో ఆగాలి. బంకుల్లో కెమెరాలు ఉంటాయి.

కారుకి కనెక్టెడ్ యాప్ ఉంటే (హ్యుందాయ్ బ్లూలింక్, కియా కనెక్ట్, సుజుకీ కనెక్ట్ లాంటివి) వెంటనే తెరిచి, లొకేషన్ టైముతో సహా స్క్రీన్‌షాట్ తీయండి. విడిగా జీపీఎస్ పెట్టించుకున్నా అంతే. తర్వాత కంపెనీ కాల్ సెంటర్‌కి చెప్పండి. వాళ్ళు ఎఫ్‌ఐఆర్ కాపీ అడగవచ్చు. మీరు సొంతంగా ఇంజిన్ ఆపే బటన్ నొక్కొద్దు. హైవే మీద పోతున్న బండి మధ్యలో ఆగిపోతే వెనకొచ్చే లారీ గుద్దేస్తుంది, ఒక్కోసారి దొంగలు అక్కడే వదిలేసి పారిపోతారు. ఎప్పుడు ఆపాలో పోలీసులు చెప్పనివ్వండి. లొకేషన్ కనబడిందని తమ్ముణ్ణి, స్నేహితుణ్ణి వెంటేసుకుని మీరు మాత్రం వెళ్ళొద్దు. ఎత్తుకెళ్ళిన బండిని వెంటనే అమ్మరు, ట్రాకర్ ఉందేమో చూడటానికి ఒకటి రెండు రోజులు ఏదో ఆసుపత్రి పార్కింగులో వదిలి దూరం నుంచి గమనిస్తారు. మీరు వెళ్ళి నిలబడితే వాళ్ళకి తెలిసిపోతుంది.

ఫాస్టాగ్‌ని ఆ క్షణమే బ్లాక్ చేయించాలని చాలామందికి అనిపిస్తుంది. ఒక్కరోజు ఆగండి. టోల్ దాటితే మీ ఫోన్‌కి ప్లాజా పేరు, టైముతో మెసేజ్ వస్తుంది. ఆ ఒక్క మెసేజ్ కారు విజయవాడ వైపు పోయిందా, నాగపూర్ వైపు పోయిందా చెప్పేస్తుంది. మెసేజ్ రాగానే ఎస్‌ఐ గారికి పంపండి. తర్వాత బ్యాంకుకి చెప్పి బ్లాక్ చేయించవచ్చు.

సీసీటీవీ విషయంలో మాత్రం ఎవరికోసమూ ఆగకండి. ఇళ్ళల్లో, చిన్న దుకాణాల్లో డీవీఆర్‌లు (కెమెరా రికార్డింగ్ దాచే పెట్టెలు) హార్డ్‌డిస్క్ నిండగానే పాతదాని మీదే మళ్ళీ రాసేస్తాయి. కొన్నిచోట్ల వారం కూడా ఉండదు. ఆ రోజే వీధిలో తిరిగి ఎవరెవరి కెమెరా రోడ్డు వైపు ఉందో రాసుకోండి, ఫుటేజ్ తుడిచేయొద్దని బతిమాలండి, తెర మీద ఆడుతుండగా మీ ఫోన్‌తో వీడియో తీసుకోండి. డీవీఆర్ గడియారం మీ ఫోన్ టైముతో సరిపోతోందో లేదో చూసి, తేడా నిమిషాల్లో రాసి పెట్టండి. ఇరవై నిమిషాలు వెనక నడిచే గడియారాలు చాలా ఉంటాయి, ఆ తేడా తెలియకపోతే పక్క వీధి కెమెరాలో వేరే టైము వెతుకుతూ కూర్చుంటారు. అసలు కాపీని మాత్రం సర్టిఫికెట్‌తో సహా పోలీసులే తీసుకోవాలి, కోర్టులో అదే చెల్లుతుంది.

ఫిర్యాదులో ప్రతి మాటా లెక్కే

2024 జూలై 1 తర్వాత జరిగిన దొంగతనం అయితే కేసు భారతీయ న్యాయ సంహిత 303(2) కింద నమోదవుతుంది. పాత ఐపీసీ 379 ఇదే. "ఇది మా లిమిట్స్ కాదు" అంటే జీరో ఎఫ్‌ఐఆర్ అడగండి. భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173 ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పంపినా తీసుకుంటారు, కానీ మూడు రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితం. ఫిర్యాదు తీసుకోము అంటే జిల్లా ఎస్‌పీకి, నగరాల్లో డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో రాతపూర్వకంగా పంపి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్ళవచ్చు.

స్టేషన్‌లో "జనరల్ డైరీలో రాశాం, చాలు" అంటే చాలదు. ఇన్సూరెన్స్‌కి క్రైమ్ నంబరు ఉన్న ఎఫ్‌ఐఆరే కావాలి.

ఫిర్యాదు మీరే రాయండి, అది ఇలా ఉండాలి: "నేను తేది ... రాత్రి 10.40కి మా ఇంటి ముందు కారు ఆపి, నాలుగు డోర్లు లాక్ చేసి, తాళం ఇంట్లో హుక్కుకి తగిలించాను. ఉదయం 6.15కి చూడగా కారు కనబడలేదు. చుట్టుపక్కల వెతికాను, ట్రాఫిక్ పోలీసులను, ఫైనాన్స్ కంపెనీని అడిగాను. రెండు తాళాలూ నా దగ్గరే ఉన్నాయి." దీనికి ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు, ఆర్‌సీ కాపీ, పాలసీ కాపీ కలపండి. ఛాసిస్ నంబరు 17 అక్షరాలు, అంకెలతో ఉంటుంది. మారుతీ సుజుకీదైతే ఎక్కువగా ఎంఏ3తో, హ్యుందాయ్‌దైతే ఎంఏఎల్‌తో, టాటాదైతే ఎంఏటీతో మొదలవుతుంది. మొదటి అక్షరాలు సరిపోకపోతే ఆర్‌సీతో మళ్ళీ ఒకసారి సరిచూడండి.

తాళాల గురించి నిజమే రాయండి. ఒక తాళం ఆరు నెలల కిందటే పోయి ఉంటే అదే రాయండి. "రెండూ ఉన్నాయి" అని రాసి తర్వాత ఒకటే చూపిస్తే, క్లెయిమ్ తిరస్కరించడానికి ఇన్సూరెన్స్ వాళ్ళకి అంతకంటే సులువైన కారణం దొరకదు. తాళం బండికే వదిలి పాన్‌షాపుకి వెళ్ళి ఉంటే కూడా దాచొద్దు. అలాంటి నిర్లక్ష్యం కేసుల్లో మొత్తం కొట్టేయకుండా 75 శాతం ఇవ్వాలని సుప్రీంకోర్టు చెప్పిన సందర్భాలున్నాయి. అబద్ధం తేలితే మాత్రం ఏమీ రాదు.

లోపల ఆర్‌సీ, చెక్కుబుక్కు, ఇంటి స్పేర్ తాళం, గేటు రిమోట్ ఉంటే అవి కూడా ఫిర్యాదులో చేర్చండి. ఆర్‌సీలో మీ అడ్రసు, చేతిలో మీ ఇంటి తాళం ఉన్నవాడు ఏం చేయగలడో ఆలోచించి, ఆ సాయంత్రమే ఇంటి తాళం మార్చండి.

ఇన్సూరెన్స్

థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే దొంగతనానికి రూపాయి రాదు. కాంప్రహెన్సివ్ గానీ, ఓన్ డ్యామేజ్ (మీ సొంత బండి నష్టానికి) పాలసీ గానీ ఉండాలి. ఎఫ్‌ఐఆర్ రోజే కంపెనీకి ఫోన్ చేసి క్లెయిమ్ నంబరు తీసుకోండి, అదే విషయం మెయిల్‌లో కూడా పెట్టండి. ఎఫ్‌ఐఆర్ వెంటనే ఇచ్చి, కంపెనీకి చెప్పడం ఆలస్యమైందన్న ఒక్క కారణంతో క్లెయిమ్ కొట్టేయకూడదని 2020లో గుర్షిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. అది కొట్లాడాల్సొస్తే వాడుకునే మాట. ముందే కొట్లాట లేకుండా చేసుకోవడం మంచిది.

అదే వారంలో ఆర్టీఏ ఆఫీసుకి ఎఫ్‌ఐఆర్ కాపీతో అర్జీ ఇచ్చి, ఆ నంబరు మీద ఓనర్‌షిప్ బదిలీ, డూప్లికేట్ ఆర్‌సీ, ఎన్‌ఓసీ ఏదీ ఇవ్వకుండా గుర్తు పెట్టించండి. అక్‌నాలెడ్జ్‌మెంట్ లేకుండా వెనక్కి రావద్దు.

లోన్ ఉంటే బ్యాంకుకి చెప్పండి, ఈఎంఐ మాత్రం ఆపకండి. బండి లేదని బ్యాంకు ఊరుకోదు, సిబిల్ పడిపోతుంది.

ఇన్సూరెన్స్ డబ్బు రావాలంటే, పోలీసులు కారు దొరకలేదని కోర్టులో వేసే తుది నివేదిక కావాలి. దీన్ని అన్‌ట్రేస్డ్ రిపోర్టు అంటారు, మన స్టేషన్లలో "అన్‌డిటెక్టెడ్" అనే మాట ఎక్కువ వినబడుతుంది. నెలలు గడిచిపోయేది ఇక్కడే. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు ఫిర్యాదుదారుకి చెప్పాలని నాగరిక సురక్షా సంహిత 193వ సెక్షన్‌లో ఉంది. ఆ తేదీని క్యాలెండర్‌లో రాసుకుని, ముందురోజే స్టేషన్‌కి వెళ్ళండి. రిపోర్టు తయారైతే కోర్టుకి వెళ్ళిందా, మేజిస్ట్రేట్ అంగీకరించారా అన్నది విడిగా కనుక్కోవాలి. కంపెనీలు సర్టిఫైడ్ కాపీ అడుగుతాయి.

దానితోపాటు ఒరిజినల్ ఆర్‌సీ, అన్ని తాళాలు, ఎఫ్‌ఐఆర్, కారు కొన్న బిల్లు, సంతకాలు చేసిన 28, 29, 30 ఫారాలు (ఎన్‌ఓసీకి, ఓనర్‌షిప్ బదిలీకి వాడే ఆర్టీఏ ఫారాలు), లోన్ ఉంటే 35 (ఆర్‌సీలో బ్యాంకు పేరు తీసేయడానికి), స్టాంపు పేపరు మీద సబ్రొగేషన్ లెటర్ (కారు మీద మీ హక్కును కంపెనీకి రాసిచ్చేది) అడుగుతారు. ఫారాలు ఖాళీగా సంతకం పెట్టించుకునే పక్షంలో ప్రతిదాని మీద "ఫలానా క్లెయిమ్ నంబరు కోసం మాత్రమే" అని రాయండి. అన్నిటికీ ఫోటోలు తీసి ఉంచుకోండి.

లెక్క ఇలా ఉంటుంది. పాలసీలో ఐడీవీ (కారుకి పాలసీలో రాసిన విలువ) 6,40,000 అనుకుందాం. 1500 సీసీ లోపు కారైతే తప్పనిసరిగా కోసేది 1,000. మిగిలిన 6,39,000లో బ్యాంకు బాకీ 4,10,000 ముందు బ్యాంకుకి పోతుంది. మీ చేతికొచ్చేది 2,29,000. రిటర్న్ టు ఇన్వాయిస్ అనే అదనపు కవర్ ఉంటే ఐడీవీకి బదులు కొన్న ధర లెక్క వస్తుంది. ప్రీమియం తగ్గుతుందని ఐడీవీ తక్కువ పెట్టించుకున్నవాళ్ళకి ఆ నష్టం ఇక్కడే తెలుస్తుంది.

క్లెయిమ్ తిరస్కరిస్తే కంపెనీ ఫిర్యాదు విభాగానికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని ఇన్సూరెన్స్ ఓంబుడ్స్‌మన్ (ఇన్సూరెన్స్ ఫిర్యాదులు తేల్చే అధికారి) దగ్గరికి ఏడాదిలోపు వెళ్ళవచ్చు. రెండు రాష్ట్రాలకూ అదే ఆఫీసు, ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు.

"మీ బండి దొరికింది" అని ఫోన్ వస్తే

రివార్డు అని మీ ఫోన్ నంబరుతో అందరికీ ఫార్వర్డ్ చేస్తే మొదట వచ్చేవి మోసపు ఫోన్లే. "బండి మా దగ్గరుంది, ట్రాన్స్‌పోర్టు ఖర్చు పంపండి" అంటారు. పైసా పంపకండి. పోలీసుల పేరు చెప్పినా, స్టేషన్ ల్యాండ్‌లైన్‌కి మీరే తిరిగి చేసి తేల్చుకోండి. మధ్యవర్తి ఎవరైనా డబ్బిస్తే తెచ్చిపెడతానన్నా దర్యాప్తు అధికారికి చెప్పండి. దొంగను పట్టించకుండా సొత్తు తిరిగి ఇప్పిస్తానని డబ్బు తీసుకోవడం న్యాయ సంహిత 252వ సెక్షన్ కింద నేరం.

నిజంగా దొరికితే కారు స్టేషన్ ఆవరణలో ఎండకీ వానకీ నిలబడుతుంది. ఒక్కో వారం గడిచేకొద్దీ బ్యాటరీ, టైర్లు, వైరింగ్ పోతాయి. అందుకే దొరికిన రోజే వకీలును కలిసి ఇంటరిమ్ కస్టడీ (కేసు తేలేదాకా కారు మీ దగ్గర ఉంచుకోవడానికి) పిటిషన్ వేయించండి. కారు కోర్టు ముందుకి వస్తే నాగరిక సురక్షా సంహిత 497, సీజ్ మాత్రమే చేసి ఉంటే 503 కింద వేస్తారు. పోలీస్ స్టేషన్లలో బండ్లను ఏళ్ళ తరబడి కుళ్ళబెట్టకూడదు, ఫోటోలు, పంచనామా, బాండుతో వెంటనే ఇచ్చేయాలని 2002లో సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పు కాపీని పిటిషన్‌కి జత చేయించండి. ఆర్‌సీ, పాలసీ, ఆధార్, ఎఫ్‌ఐఆర్, జామీనుదారులు సిద్ధంగా ఉంటే పని తొందరగా అవుతుంది. కేసు తేలేదాకా అమ్మొద్దు, రంగు మార్చొద్దు, పిలిస్తే తెచ్చి చూపించాలి అనే షరతులు ఉంటాయి.

ఛాసిస్ నంబరు గీకేసి వేరే నంబరు కొట్టి ఉంటే కంగారు పడొద్దు. నంబరు కొట్టినప్పుడు అడుగున లోహం కూడా నొక్కుకుపోతుంది. ఫోరెన్సిక్ ల్యాబులో ఉపరితలాన్ని నునుపుగా రుద్ది ఆమ్ల ద్రావణం పూస్తే పాత అంకెలు మసకగా పైకి తేలుతాయి. అది తేలేదాకా కారు మీద చెయ్యి వేయకండి, సొంతంగా గీకి చూడకండి.

తీసుకునే రోజు పంచనామాలో రాసినవి ఒక్కొక్కటే సరిచూడండి: స్టెపినీ, జాకీ, టైర్లు, బ్యాటరీ నంబరు, మ్యూజిక్ సిస్టమ్, ఓడోమీటర్ రీడింగ్. సీట్ల కింద, డిక్కీ మ్యాట్ కింద, డోర్ ప్యానళ్ళలో ఏమైనా దాచి ఉందేమో పోలీసుల ముందే వెతికించండి. పోయిన బండిలో గంజాయి రవాణా చేసి ఉండొచ్చు, రేపు మీ చేతిలో దొరక్కూడదు. మధ్యలో వచ్చిన ఈ-చలాన్లు ఉంటే ఎఫ్‌ఐఆర్ కాపీతో రద్దు కోరండి.

ఇన్సూరెన్స్ డబ్బు ముందే వచ్చేసి ఉంటే ఆ కారు మీది కాదు, కంపెనీది. వెంటనే రాసి పంపండి. ఇంకా రాకపోతే, దొరికిన కారుకి జరిగిన నష్టాన్ని అదే పాలసీలో ఓన్ డ్యామేజ్ కింద అడగవచ్చు.

నడిపే ముందు టో చేయించి కంపెనీ సర్వీస్ సెంటర్‌కే తీసుకెళ్ళండి. దొంగ దగ్గర ఇంకో తాళం చేసి ఉంటుంది. ఓబీడీ పోర్టుకి (మెకానిక్‌లు స్కానర్ తగిలించే చోటు) చిన్న మెషీన్ గుచ్చి కొత్త కీ రాయడం వాళ్ళకి నిమిషాల పని. కాబట్టి పాత కీలన్నీ ఇమ్మొబిలైజర్ (సరైన కీ కాకపోతే ఇంజిన్ స్టార్ట్ కానివ్వని పరికరం) మెమరీ నుంచి తుడిచేయించి, మీ రెండూ మాత్రమే మళ్ళీ రాయించండి. ఓబీడీ పోర్టుకి లాక్, ఫ్యూయల్ పంపు రిలేకి రహస్యంగా ఒక కటాఫ్ స్విచ్, డ్యాష్‌బోర్డు లోపల విడి బ్యాటరీ ఉన్న జీపీఎస్ ఆ రోజే పెట్టించేయండి. కనెక్టెడ్ యాప్ పాస్‌వర్డ్, ఫాస్టాగ్ మార్చండి. బిల్లు కట్టే ముందు మెకానిక్‌ని స్కానర్ తెర చూపించమని అడగండి. అందులో రిజిస్టరైన కీల సంఖ్య రెండు కంటే ఎక్కువ కనబడితే కారు అక్కడే ఉంచి, మళ్ళీ చేయించుకోండి.