ఈదురుగాలులు మొదలవకముందే రెస్క్యూ పెన్‌డ్రైవ్ చేసి పెట్టుకోండి

హైదరాబాద్‌లో ఎండాకాలం చివరి గాలివానలతో మొదలుపెట్టి వానలు తగ్గేదాకా కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం మామూలే. విండోస్ అప్‌డేట్ సగంలో ఉండగా అలా పోయిందంటే మర్నాడు కంప్యూటర్ లేవకపోవచ్చు. అప్పుడు రెస్క్యూ డిస్క్ కావాలి, అంటే లోపలి విండోస్ లేవకపోయినా కంప్యూటర్‌ని బయటినుంచి లేపే డిస్క్. అది చేసుకోవాలంటే బాగా నడుస్తున్న కంప్యూటర్ ఉండాలి! అందుకే ఆ పని ఇప్పుడే కానివ్వండి.

డిస్క్ అనడమే గానీ ఇప్పటి లాప్‌టాప్‌లలో సీడీ పెట్టే చోటే లేదు. కనీసం 8 జీబీ ఉన్న పెన్‌డ్రైవ్‌లు రెండు తీసుకోండి. ఒకదాంట్లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి విండోస్ ఇన్‌స్టలేషన్ మీడియా (విండోస్ ఎక్కించడానికి, రిపేర్ చేయడానికి వాడే ఫైళ్లు), రెండోదాంట్లో ఉబుంటు సొంత సైట్ నుంచి ఉబుంటు (విండోస్‌లాంటిదే, ఉచితంగా దొరికే మరో ఆపరేటింగ్ సిస్టమ్). బూటబుల్ (కంప్యూటర్‌ని లేపగలిగేలా) చేసేటప్పుడు పెన్‌డ్రైవ్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి చేతికందింది కదా అని పెళ్లి ఫొటోలున్నది పెట్టకండి. తెలిసినవాళ్లు కాపీ చేసి ఇచ్చే ‘అన్నీ ఉన్న’ పెన్‌డ్రైవ్‌ల మీద నాకైతే నమ్మకం లేదు. అందులో వైరస్ కూడా ఉండొచ్చు.

అసలు చిక్కు విండోస్‌లో డ్రైవ్‌కి తాళం వేసే బిట్‌లాకర్‌తో. విండోస్ 11తో వచ్చే చాలా లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవగానే డ్రైవ్ ఎన్‌క్రిప్ట్ అయిపోతుంది, అంటే కీ లేకుండా చదవడానికి వీల్లేకుండా మారిపోతుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. రెస్క్యూ పెన్‌డ్రైవ్‌తో లేపినప్పుడో, బయోస్‌లో (విండోస్ కంటే ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్‌లో) సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్ మార్చినప్పుడో 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డేటా మీద ఆశ వదులుకోవాల్సిందే, ఎంత మంచి మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లినా సరే. కీ సాధారణంగా ఆ అకౌంట్‌లోనే సేవ్ అయి ఉంటుంది. ఇవాళే తెరిచి చూసి, అంకెలు కాగితం మీద రాసి బీరువాలో పెట్టండి. అదే కంప్యూటర్‌లో నోట్‌ప్యాడ్ ఫైల్‌గా దాస్తే ఏం లాభం?

చేసిన పెన్‌డ్రైవ్‌తో ఒకసారి బూట్ చేసి చూడండి. దేనితో లేవాలో ఎంచుకునే బూట్ మెనూకి డెల్, లెనోవోల్లో చాలావరకు ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. ఏ బటన్ పనిచేసిందో పెన్‌డ్రైవ్‌కి చిన్న చీటీ అతికించి రాసుకోండి.

ఇక నిజంగానే లేవని రోజు. ఫ్యాన్ తిరగదు, కంపెనీ లోగో కూడా రాదంటే అది రెస్క్యూ డిస్క్‌తో అయ్యే పని కాదు, పవర్ సప్లయ్‌నో ర్యామ్‌నో చూడాలి. హార్డ్ డిస్క్ టక్ టక్‌మంటుంటే వెంటనే ఆపేయండి. నడిపినకొద్దీ ఇంకా పాడవుతుంది.

లోగో వచ్చి విండోస్ దగ్గర ఆగిందా? రిపేర్ జోలికి వెళ్లకముందే డేటా బయటకు తీయండి. ఉబుంటుతో లేపి, ఇన్‌స్టాల్ కాకుండా ‘ట్రై’ అన్నది ఎంచుకుని, ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌కి కాపీ చేయండి. విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాకపోతే దాని డ్రైవ్‌లో రాయడానికి ఉబుంటు ఒప్పుకోదు. ఒప్పించాలని చూడకండి, మనకు చదవడం చాలు. డ్రైవే కనిపించకపోతే బయోస్‌లో స్టోరేజ్ మోడ్‌ని (కంప్యూటర్ డిస్క్‌తో పనిచేసే పద్ధతిని) తోచినట్టు మార్చకండి, బాగున్న విండోస్ కూడా లేవకుండా పోతుంది.

కాపీ అయ్యాకే విండోస్ పెన్‌డ్రైవ్‌తో లేపి, విండోస్ లేవకపోవడాన్ని సరిచేసే స్టార్టప్ రిపేర్. చాలామంది యూట్యూబ్ చూసి డిస్క్‌లో తప్పులు సరిచేసే చెక్‌డిస్క్‌ని ముందే నడిపేస్తారు. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద అది రాతలు మొదలుపెడితే దక్కే ఫైళ్లు కూడా దక్కవు. డిస్క్‌ని విభాగాలు చేసే డిస్క్‌పార్ట్‌లో ‘క్లీన్’ అనే కమాండ్ డిస్క్ మొత్తాన్ని ఖాళీ చేస్తుంది; దాన్నైతే, ఏ డిస్క్ ఎంచుకున్నారో సైజు చూసి రూఢి చేసుకోకుండా అసలు కొట్టకండి. ఇదంతా జరుగుతున్నంతసేపూ డెస్క్‌టాప్ యూపీఎస్ మీద, లాప్‌టాప్ చార్జర్ మీద ఉండాలి. బయట ఉరుములు ఉంటే బయోస్ అప్‌డేట్ మాట తలపెట్టొద్దు.

చేతకాదనిపిస్తే సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీకో (చెనాయ్ ట్రేడ్ సెంటర్), మీ వీధి చివర షాపుకో తీసుకెళ్లండి. ఇచ్చేముందు రసీదు మీదే రాయించండి: ‘డేటా కావాలి, అడగకుండా ఫార్మాట్ చేయొద్దు.’