కష్టాల ఏడాది గడిచాక పురపాలక నివేదిక రాయడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని చిన్న పురపాలక సంఘాలకు, నగర పంచాయతీలకు మార్చి అంటే పన్ను వసూళ్ల నెల. బిల్లు కలెక్టర్లు వీధుల్లోనూ, అకౌంటెంటు బిల్లుల మధ్యనూ, కమిషనరు సమీక్షల్లోనూ ఉంటారు కాబట్టి, ఏడాది పనితీరు మీద నివేదిక రాసే బాధ్యత చివరికి ఒక సీనియర్ అసిస్టెంటు బల్ల మీదికి చేరుతుంది. ఆయన నిరుటి నివేదిక తీసి, అంకెలు మార్చి, సంతకానికి పెడతాడు. సజావుగా సాగిన ఏడాదిలో దీనివల్ల జరిగే నష్టం పైకి కనిపించదు. తుపాను వచ్చిన ఏడాది, కుళాయి నీరు కలుషితమైన ఏడాది, చెత్త రోజుల తరబడి వీధుల్లోనే ఉండిపోయిన ఏడాది మాత్రం అలా రాసిన నివేదిక రాబోయే కాలపు ప్రజలకు నేరుగా హాని చేస్తుంది.

ఆ హాని ఎలా జరుగుతుందో నాకు తెలుసు. ఈ ప్రాంతంలోనే ఒక చిన్న పట్టణ కార్యాలయంలో చాలా ఏళ్లు పనిచేశాను. ఒక తుపానుకు కరెంటు పోయినప్పుడు మా పంపుహౌసులో జనరేటరు ఉంది గాని డీజిలు ఒక పూటకు మించి లేదు. ఆ ఏటి నివేదికలో "తుపాను సమయమున తాగునీటి సరఫరాకు తగు చర్యలు తీసుకోవడమైనది" అని నేనే రాశాను. కొన్నేళ్లకు మళ్లీ గాలివాన వచ్చింది. ఈలోగా ఇంజనీరు మారాడు, కమిషనరు మారాడు, పంపు ఆపరేటరు ఉద్యోగ విరమణ చేశాడు. డీజిలు డ్రమ్ము మళ్లీ ఖాళీగానే ఉంది, ఎందుకంటే పాత కాగితాల్లో దాని గురించి ఒక్క అక్షరం లేదు. జరగని పని నివేదికలో మొదట రావాలని, జరిగిన పని ఆ తర్వాత రావాలని నేను పట్టుబట్టడానికి కారణం అదే.

రాయడానికి ముందు సేకరించవలసినవి

మొదటి వారం ఒక్క వాక్యం కూడా రాయకుండా పుస్తకాలు సేకరించండి. పంపుహౌసు లాగ్ బుక్, ట్యాంకరు ట్రిప్ షీట్లు, క్లోరిన్ పరీక్షల రిజిస్టరు, పారిశుద్ధ్య కార్మికుల మస్టర్లు (హాజరు పట్టీలు), ఇంజనీరింగ్ విభాగపు ఎం-బుక్కులు (చేసిన పనుల కొలతల పుస్తకాలు), సోమవారం గ్రీవెన్స్‌లో వచ్చిన అర్జీల రిజిస్టరు, కౌన్సిల్ మినిట్స్ పుస్తకం తప్పనిసరిగా ఉండాలి. విభాగాధిపతులను "ఒక పేజీ నోట్ ఇవ్వండి" అని అడిగే అలవాటు మానుకోవాలి. నోట్ అనేది జ్ఞాపకం నుంచి వస్తుంది, జ్ఞాపకం ఆరు నెలల్లో మనకు అనుకూలంగా మారిపోతుంది. లాగ్ బుక్‌లో పెన్సిలుతో రాసిన "కరెంటు లేదు, మోటారు ఆపాను" అన్న మాట మారదు.

వార్డు సచివాలయాల దగ్గర ఉన్న సమాచారాన్ని కూడా తప్పక తీసుకోవాలి. 2019 అక్టోబరు 2న ఈ వ్యవస్థ మొదలైనప్పటి నుంచి పారిశుద్ధ్యానికి, సౌకర్యాలకు, పరిపాలనకు వేరువేరు కార్యదర్శులు వార్డు స్థాయిలోనే ఉన్నారు. తుపాను రోజు ఏ వీధిలో చెట్టు పడిందో, ఏ సందులోకి నీళ్లు వచ్చాయో కేంద్ర కార్యాలయం కన్నా వారికే బాగా తెలుసు.

తర్వాత ఒక పెద్ద కాగితం మీద ఏప్రిల్ నుంచి మార్చి దాకా రోజుల పట్టిక గీసి, పై పుస్తకాల నుంచి ప్రతి అంతరాయాన్నీ తేదీ, వార్డు, ఎన్ని గంటలు అన్న వివరాలతో అందులోకి ఎక్కించండి. ఇది విసుగు పుట్టించే పనే. కాని నివేదిక బలమంతా ఈ కాగితంలోనే ఉంటుంది. పట్టిక పూర్తయ్యాక చూస్తే, ఏడాది పొడవునా కొద్దికొద్దిగా ఇబ్బంది పడ్డ వార్డు ఒకటి బయటపడుతుంది. తుపాను నాడు అందరి దృష్టీ పడిన వార్డు అది కాకపోవచ్చు. అటువంటి వార్డును పట్టుకోవడానికి వేరే దారి లేదు.

మన జిల్లాలకు సంబంధించి ఈ పట్టికలో అక్టోబరు నెలకు రెట్టింపు స్థలం వదలండి. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న తీరం దాటాయి. ఫైలిన్ ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర దాటినా ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట వైపు ఊళ్లు దెబ్బతిన్నాయి. హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర దాటినా విజయనగరం, శ్రీకాకుళం జిల్లాలు చీకట్లో గడిపాయి. తిత్లీ నేరుగా పలాస ప్రాంతం మీదికే వచ్చి ఉద్దానంలో తరాలుగా పెంచుకున్న కొబ్బరి, జీడి తోటలను కూల్చేసింది. గులాబ్ 2021 సెప్టెంబరు 26న కళింగపట్నం దగ్గర తీరం దాటింది. విజయనగరంలో విజయదశమి తర్వాతి మంగళవారం జరిగే పైడితల్లి సిరిమానోత్సవానికి జనం పోటెత్తేదీ ఇంచుమించు ఈ రోజుల్లోనే. కనుక మన దగ్గర పురపాలక సంవత్సరానికి అసలు పరీక్ష సెప్టెంబరు ఆఖరు నుంచి నవంబరు దాకా జరుగుతుంది. ఏప్రిల్‌లో రాసే నివేదిక ఆ పరీక్షకు అయిదారు నెలల ముందు చేతికి వచ్చే సాధనం.

నీటి గురించి రాసే పద్ధతి

నీటి అధ్యాయానికి మిగిలిన అన్నింటికన్నా ఎక్కువ శ్రద్ధ, ఎక్కువ పేజీలు ఇవ్వండి. "అవసరమైన మేరకు ట్యాంకర్ల ద్వారా సరఫరా" అన్న మాట పనికిరాదు. లెక్క చెప్పాలి. ఉదాహరణకు 2,000 మంది ఉన్న వార్డుకు 5,000 లీటర్ల ట్యాంకరు ఒక రోజులో 4 ట్రిప్పులు వేసిందనుకుందాం. మొత్తం 20,000 లీటర్లు, అంటే మనిషికి 10 లీటర్లు. పట్టణాల్లో పైపుల ద్వారా మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది ప్రమాణం. ఆపత్కాలంలో అంత ఇవ్వలేమని అందరికీ తెలుసు. కాని 10 లీటర్లంటే తాగడానికి, వంటకు పోగా స్నానానికి, మరుగుదొడ్డికి ఏమీ మిగలదు. ఆ అంకెను నివేదికలో చూసిన కౌన్సిలరు వచ్చే బడ్జెట్లో ట్యాంకర్ల అద్దెకు, జనరేటరు డీజిలుకు డబ్బు అడుగుతాడు. "తగు చర్యలు" అన్న మాట చూసినవాడు ఏమీ అడగడు.

నీటి నాణ్యత విషయంలో మరింత నిక్కచ్చిగా ఉండాలి. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాత ఈ ప్రాంతంలో ఏ స్థానిక సంస్థ అయినా "నీటిని క్లోరినేషన్ చేయడమైనది" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టడం నా దృష్టిలో క్షమించరానిది. క్లోరిన్ ఎక్కడ పరీక్షించారో రాయాలి. ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర తీసిన రీడింగు బాగానే ఉంటుంది. పైపులైను చివరి ఇంటి కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలిందా లేదా అన్నదే లెక్క. చివరి కుళాయి దగ్గర ఎన్ని రోజులు పరీక్ష జరిగింది, ఎన్ని రోజులు జరగలేదు, ఎన్నిసార్లు తక్కువ వచ్చింది, తక్కువ వచ్చిన నాడు ఏం చేశారు అన్న నాలుగు విషయాలూ చెప్పండి. మురుగు కాలువల్లోంచి, గెడ్డల్లోంచి వెళ్తున్న తాగునీటి పైపులు ఏయే వీధుల్లో ఉన్నాయో, వాటిలో ఎన్నింటిని ఈ ఏడాది మార్చారో జాబితా జత చేయండి. ఆ జాబితా పొడుగ్గా ఉంటే సిగ్గుపడనక్కర లేదు, దాచితేనే ప్రమాదం.

డబ్బు లెక్కలు

ఆదాయం దగ్గర నివేదికలు ఎక్కువగా తప్పుదోవ పట్టిస్తాయి, అది కూడా ఒక్క అబద్ధం ఆడకుండా. డి.సి.బి. (డిమాండు, వసూలు, బకాయి) పట్టికలో ఇంటి పన్ను పాత బకాయి 60 లక్షలు, ఈ ఏటి డిమాండు 90 లక్షలు, మొత్తం వసూలు 75 లక్షలు అనుకుందాం. 75ను 90తో పోల్చి "83 శాతం వసూలు" అని రాసేవారు ఉన్నారు. నిజానికి రావలసింది 150 లక్షలు, వచ్చింది అందులో సగం. ఆ 75 లక్షల్లో 20 లక్షలు పాత బకాయి కింద వచ్చినవైతే ఈ ఏటి పన్నులో వసూలైంది 55 లక్షలే, అంటే 61 శాతం. ఈ మూడు అంకెలనూ పక్కపక్కన ఇవ్వండి. తుపానుకు ఇల్లు దెబ్బతిన్నవారి బకాయినీ, కట్టగలిగి కట్టనివారి బకాయినీ విడదీసి చూపించడం న్యాయం కూడా.

ఖర్చు వైపు చెల్లించని బిల్లులను తప్పక చూపించాలి. కూలిన చెట్లు నరికినవారికి, జె.సి.బి. యజమానులకు, ట్యాంకర్లవారికి ఇవ్వవలసిన సొమ్ము మార్చి 31 నాటికి ఎంత ఉందో, ఏ నెల నుంచి ఆగిందో రాయండి. ఇవ్వని డబ్బు మిగులు కాదు. పైగా పాత బాకీ తీరనివాడు మరుసటి తుపానుకు పిలిస్తే బండి తీయడు. కేంద్ర ఆర్థిక సంఘం నిధుల్లో తాగునీటికి, పారిశుద్ధ్యానికి మాత్రమే వాడవలసిన భాగం వేరుగా ఉంటుంది కనుక, దానిని ఏ పనికి వాడారో, వాడకుండా ఎంత ఉండిపోయిందో విడిగా చెప్పాలి.

మన చేతిలో ఉన్నది, లేనిది

గాలి వేగం మన చేతిలో లేదు. కరెంటు స్తంభాలు నిలబెట్టడం విద్యుత్ సంస్థ పని. కాని నీటి సరఫరా, పారిశుద్ధ్యం, ప్రజారోగ్యం, వీధులు 1992 నాటి 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 12వ షెడ్యూలులో పురపాలక సంస్థలకు అప్పగించదగినవిగా చెప్పిన 18 అంశాల్లో ఉన్నాయి, అంతకు ముందు నుంచీ పురపాలక చట్టంలోనూ ఉన్నాయి. అందువల్ల ప్రతి వైఫల్యం దగ్గరా రెండు విషయాలు విడదీయాలి. కరెంటు నాలుగు రోజులు రాకపోవడం మన తప్పు కాదు. నాలుగు రోజులకు సరిపడా డీజిలు లేకపోవడం మన తప్పు. వర్షం ఎక్కువ పడటం మన తప్పు కాదు. కాలువల పూడికతీత మేలో మొదలుకావలసింది జూలైలో మొదలుకావడం మన తప్పు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. మన తప్పు అని ఒప్పుకోవలసి వచ్చినప్పుడు అది మెల్లగా కింది ఉద్యోగి మీదికి జారుతుంది. 2023 డిసెంబరు చివర మొదలై 2024 జనవరి దాకా సాగిన పురపాలక కార్మికుల సమ్మె వంటి సందర్భంలో "కార్మికుల గైర్హాజరు వల్ల చెత్త పేరుకుపోయినది" అని రాసి ఊరుకుంటే సగం నిజమే చెప్పినట్టు. వారి కోరికలు ఏమిటి, వాటిలో కౌన్సిల్ స్థాయిలో తీర్చగలిగినవి ఏవి, చేతి తొడుగులూ గమ్‌బూట్లూ ఎన్ని నెలలు ఇవ్వలేదు అన్న వివరాలు కూడా ఉండాలి. తుపాను మర్నాడు తెల్లవారకముందే రోడ్డు మీదికి వచ్చేది ఆ కార్మికులే, అప్పటికి వారి ఇళ్ల పైకప్పులు కూడా ఎగిరిపోయి ఉంటాయి. ఆ సంగతి నివేదికలో ఒక పేరాగా రాయడం మర్యాద.

భాష విషయంలో ఒకే నియమం పెట్టుకోండి. "తీసుకోవడమైనది", "జరుపబడినది" అన్న మాటలు వచ్చిన ప్రతి చోటా ఆగి, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని అడిగి వాక్యాన్ని తిరగరాయండి. "అక్టోబరు 11 నుంచి 14 వరకు 7, 9, 12 వార్డులకు కుళాయి నీరు ఇవ్వలేకపోయాం. డీజిలుకు ఇండెంటు 10వ తేదీ సాయంత్రం పెట్టాం, అప్పటికే బంకు మూసేశారు. ఇకపై సెప్టెంబరు 15 నాటికి నాలుగు రోజుల నిల్వ ఉంచే బాధ్యత అసిస్టెంట్ ఇంజనీరుది." ఇలా రాస్తే ఇంజనీరు మారినా బాధ్యత మారదు, ఎందుకంటే అది పేరు మీద కాక హోదా మీద ఉంది.

చదివి వినిపించడం

ముసాయిదా సిద్ధమయ్యాక కౌన్సిల్‌కు పెట్టే ముందు, ఎక్కువ దెబ్బతిన్న రెండు మూడు వార్డుల్లో చదివి వినిపించండి. వేళ చూసి పెట్టాలి. పలాస, కాశీబుగ్గల్లో జీడిపప్పు పరిశ్రమల్లో పనిచేసే ఆడవాళ్లు పగటిపూట సమావేశానికి రాలేరు, సాయంత్రం పని దిగాక పెడితే వస్తారు. నీళ్లు మోసింది వారే కనుక తేదీలు వారికే గుర్తుంటాయి. "నాలుగు రోజులు కాదు బాబూ, ఆరు రోజులు" అని ఎవరైనా అంటే వాదించకండి, ట్రిప్ షీటు తీసి ఇద్దరూ చూడండి. షీటు తప్పని తేలితే నివేదిక దిద్దండి. తేలకపోతే రెండు మాటలూ రాయండి.

కౌన్సిల్ సమావేశంలో నివేదికను అజెండాలో చివరి అంశంగా పెట్టవద్దు, అప్పటికి అందరూ లేచిపోతుంటారు. చర్చలో వచ్చిన అభ్యంతరాలను మినిట్స్‌లో పూర్తిగా రాయించాలి. ప్రతిపక్ష సభ్యుడి అభ్యంతరమైతే మరీ పూర్తిగా రాయించాలి. పాలకవర్గం లేకుండా ప్రత్యేకాధికారి పాలనలో ఉన్న పట్టణంలో ఈ చర్చకు వేదికే ఉండదు కాబట్టి, అక్కడ వార్డుల్లో చదివి వినిపించడం ఇంకా ముఖ్యం. ఆమోదం పొందిన ప్రతిని అడిగినవారికే ఇస్తామనకుండా నోటీసు బోర్డు మీద, వార్డు సచివాలయాల్లో ఉంచండి. అడగకముందే సమాచారం బయటపెట్టడం 2005 సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ ప్రకారం కార్యాలయం బాధ్యత.

చివరగా నివేదికలోని హామీలన్నీ ఒకే పేజీలోకి ఎక్కించి, ప్రతి హామీ పక్కన హోదా, గడువు తేదీ రాసి, ఒక ఖాళీ గడి వదలండి. ఆ పేజీ ఒక ప్రతి కమిషనరు గదిలో, ఒక ప్రతి పంపుహౌసు గోడ మీద ఉండాలి. సెప్టెంబరు మొదటి వారంలో అసిస్టెంట్ ఇంజనీరు, శానిటరీ ఇన్‌స్పెక్టరు, ఆ వార్డు కౌన్సిలరు ఉంటే ఆయనా కలిసి వెళ్లి, జనరేటరు ఒక గంట నడిపి చూసి, డీజిలు డ్రమ్ములో కర్ర ముంచి కొలిచి, ఆ గడిలో అంకె వేసి సంతకాలు చేయాలి.