మొదటిసారి మీడ్ పెట్టేవాళ్ళు తీసుకోవాల్సిన జాగ్రత్తలు

టెక్సాస్‌లో ఎండలు తగ్గి రాత్రిళ్ళు చల్లబడటం మొదలవగానే మనవాళ్ళలో కొందరికి మీడ్ మీదకు, అంటే తేనెను పులియబెట్టి చేసే వైన్ మీదకు, మనసు పోతుంది. తేనె, నీళ్ళు, ఈస్ట్, అంతేగా అనుకుంటారు. సరుకులు నిజంగా అంతే. ప్రమాదమంతా మూత బిగించిన గాజుసీసాలో ఉంది. పులియడం పూర్తిగా ఆగిందో లేదో కొలిచి చూసుకోకుండా సీసాలకు ఎక్కించొద్దు. మిగతా ఏది మరిచినా ఇది మాత్రం మరవకండి.

ముందు చట్టం సంగతి. అమెరికాలో ఇంటి వాడకానికి వైన్ చేసుకోవడానికి ఫెడరల్ నిబంధనలు ఒప్పుకుంటాయి. పెద్దవాళ్ళు ఒక్కరే ఉన్న ఇంట్లో ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేక అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు. మీడ్ కూడా ఆ లెక్కలోకే వస్తుంది. అమ్మకూడదు. ఆ అనుమతి పులియబెట్టడం వరకే, బట్టీ పెట్టి సారా దించడానికి కాదు. ఆంధ్రలో, తెలంగాణలో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. కాబట్టి ఊళ్ళో ఉన్న తమ్ముడికి వాట్సాప్‌లో పద్ధతి పంపి నువ్వూ పెట్టరా అనకండి.

మొదటిసారికి ఒక్క గ్యాలన్ చాలు. ఐదు గ్యాలన్ల గాజు కార్బాయ్ (సన్న మెడ ఉన్న పెద్ద జాడీ) నిండితే పాతిక కిలోల దాకా తూగుతుంది. తడిచేతుల్లోంచి జారి పగిలితే గాయాలు మామూలుగా ఉండవు. గాజు జాడీలో వేడినీళ్ళు కూడా పోయకండి. తేనె 1.2 కిలోలు తీసుకుని, నీళ్ళతో కలిపి మొత్తం 3.8 లీటర్లు చేస్తే, ద్రవం సాంద్రతను బట్టి చక్కెర ఎంతుందో చూపే హైడ్రోమీటర్ 1.095, 1.100 మధ్య చూపిస్తుంది. ఆ అంకె అప్పుడే రాసి పెట్టుకోండి, తర్వాత తెలుసుకునే దారి లేదు. తేనెను మరిగించక్కర్లేదు, మరిగిస్తే వాసన పోతుంది.

శుభ్రత విషయంలో మన అలవాటు ఇక్కడ కాస్త అడ్డొస్తుంది. ఆవకాయ జాడీకి తడి తగలనివ్వం, గుడ్డతో తుడిచి ఎండబెడతాం. ఇక్కడ స్టార్ శాన్ లాంటి శానిటైజర్‌ను డబ్బా మీద రాసిన కొలతలో నీళ్ళలో కలిపి, జాడీ, గరాటు, గొట్టం, గరిటె అన్నీ ముంచి తీసి, ఆ తడితోనే వాడాలి. గుడ్డ తగిలితే చేసిందంతా వృథా. పచ్చడి పెట్టిన ప్లాస్టిక్ బకెట్‌ను ఎంత తోమినా ఇంగువ వాసన వదలదు, దాని జోలికి పోకండి.

ఈస్ట్ వేశాక మొదటి వారం దగ్గరుండి చూసుకోవాలి. తేనెలో చక్కెర దండిగా ఉంటుంది గానీ ఈస్ట్‌కు కావలసిన నత్రజని బాగా తక్కువ. అందుకే ఫర్మెయిడ్ లాంటి పోషకాలు వేస్తాం. ఒక్కసారే వేయకుండా 24, 48, 72 గంటలకు కొంచెం కొంచెంగా వేసి, చక్కెరలో మూడో వంతు ఖర్చయ్యాక, అంటే హైడ్రోమీటర్ 1.067 దగ్గర చూపినప్పుడు, ఆఖరి వాయిదా వేస్తే చాలు. చాలామంది తడబడేది ఇక్కడే. అప్పటికే ద్రవం నిండా గ్యాస్ కరిగి ఉంటుంది. పొడిని అలాగే చల్లితే ప్రతి రేణువు చుట్టూ బుడగలు పుట్టి, రెండు క్షణాల్లో నురగ మెడ దాటి కౌంటర్ మీదకు, అక్కణ్ణుంచి నేలమీదకు పారుతుంది. ముందు గరిటెతో నెమ్మదిగా తిప్పి గ్యాస్ పోనివ్వండి. బుసబుస తగ్గాక, పొడిని నాలుగు చెంచాల నీళ్ళలో కరిగించి పోయండి. మొదటి వారం రెండు గ్యాలన్ల ఫుడ్‌గ్రేడ్ బకెట్ వాడితే ఈ బాధే ఉండదు.

కిలో చక్కెర పూర్తిగా పులిస్తే సుమారు 270 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. మన గ్యాలన్ మీడ్‌లో ఉన్న చక్కెర దాదాపు అంతే. కాబట్టి ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను బయటకు వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని నీటి బిరడాలో) నీళ్ళు ఇంకిపోకుండా చూడండి, అది నురగతో మూసుకుపోతే వెంటనే తీసి కడగండి. పెద్దపెద్ద మోతాదులు పెట్టేవాళ్ళు గాలి ఆడని చిన్న గదిలో, క్లాజెట్‌లో పెట్టొద్దు.

గ్యారేజీ వద్దంటే వద్దు. టెక్సాస్ గ్యారేజీ అక్టోబరులో కూడా మధ్యాహ్నానికి వేడెక్కుతుంది, వేడిలో పులిస్తే స్పిరిట్ వాసన కొట్టే ఘాటు వస్తుంది. ఏసీ ఉన్న ఇంట్లో, ఎండ తగలని మూల నయం. లాల్విన్ 71బి రకం ఈస్ట్ ఇంట్లో ఉండే వేడికి సర్దుకుంటుంది. పైన తెల్లటి, గోధుమరంగు నురగ మామూలే. నూగునూగుగా, పచ్చగానో నీలంగానో బూజు తేలితే మాత్రం తేనె ఖరీదు తలుచుకోకుండా పారబోయండి.

ఇక సీసాల సంగతి. ఎయిర్‌లాక్‌లో బుడగలు ఆగాయంటే పులియడం అయిపోయిందని అర్థం కాదు. చలికి ఈస్ట్ పడుకుని, మార్చిలో మళ్ళీ లేవొచ్చు. మూసిన సీసాలో లీటరుకు 4 గ్రాముల చక్కెర పులిస్తే దాదాపు ఒక అట్మాస్ఫియర్ ఒత్తిడి పెరుగుతుంది. ఆరు అట్మాస్ఫియర్లు తట్టుకోవడానికే షాంపేన్ సీసాను అంత మందంగా చేస్తారు. మామూలు వైన్ సీసాకు, అందం కోసం అమ్మే పలకల సీసాకు ఆ బలం లేదు, పగిలితే గాజు ఎగిరి మీద పడుతుంది. అందుకే హైడ్రోమీటర్ అంకె మూడు నాలుగు వారాల తేడాతో రెండుసార్లు ఒకేలా రావాలి, ద్రవం తేటపడి మడ్డి అడుగున దిగాలి. తీపి కావాలని తర్వాత తేనె కలిపేవాళ్ళు ముందే పొటాషియం సార్బేట్, మెటాబైసల్ఫైట్ రెండూ వేయాలి. ఇవి ఆగిన ఈస్ట్‌ను మళ్ళీ లేవకుండా చేస్తాయి, జోరుగా పులుస్తున్నదాన్ని ఆపలేవు. సల్ఫైట్ పడని ఉబ్బసం మనుషులుంటారు, పోసేముందు అడగండి.

ఇంట్లో ఏడాది నిండని పాప ఉంటే తేనె గరిటెలు, చేతులు వెంటనే కడుక్కోండి. తేనెలో ఉండే అవకాశమున్న బోట్యులిజం బీజాలు పెద్దలకు సాధారణంగా ఏమీ చేయవు గానీ ఆ వయసు పిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. సీసాల మీద పెద్ద అక్షరాలతో చీటీ అంటించండి. చూడటానికి పళ్ళరసంలా ఉంటుంది, బలం 12, 13 శాతం. అతిథులకు పోసేటప్పుడూ ఆ మాట చెప్పి, కారు నడిపేవాళ్ళకు పోయకండి.

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో మొదలుపెడితే ఉగాదికి సీసాలకెక్కే అవకాశం ఉంది, తేటపడకపోతే ఆగండి. ఎక్కించాక కొన్ని నెలలు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో చల్లటి చోట ఉంచండి. వాటిలో ఒక్క కార్కు పైకి జరిగినట్టు కనిపించినా, కళ్ళద్దాలు, మందపాటి చేతొడుగులు వేసుకుని సీసాలన్నిటినీ ఫ్రిజ్‌లోకి మార్చి బాగా చల్లబరచండి. తర్వాత ఒక్కొక్కటిగా సింక్‌లో పెట్టి, తువ్వాలు చుట్టి, మొహం పక్కకు తిప్పుకుని తెరవండి.