బస్సుకి రిజిస్టరు ఉంది, నాకు లేదు

ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్‌గా చేశాను. లోపలికొచ్చిన ఏ బస్సుకైనా ఇంజనాయిలు ఎప్పుడు మార్చారో, బ్రేకు లైనర్లు ఎప్పుడు వేశారో రాసిపెట్టి ఉండేది. అది చూడకుండా స్పానరు పట్టేవాణ్ణి కాదు. అలాంటివాణ్ణి నా ఒంటి విషయానికొచ్చేసరికి పదకొండేళ్ళ షుగరు చీటీలన్నీ బట్టలకొట్టు సంచిలో కుక్కి బీరువా మీద పడేశాను.

మోకాలి నొప్పికి మా వీధి చివర ఆర్ఎంపీ గారు బిళ్ళలిచ్చారు. తగ్గకపోతే గుంటూరెళ్ళి ఎముకల డాక్టరుకి చూపించుకుంటే ఆయన వేరేవి రాశారు. మొదటివి వాడుతున్నానని నేను చెప్పలేదు, ఆయనా అడగలేదు. మూడు వారాలు రెండూ మింగాను. పాదాలు వాచాయి. రక్తపరీక్ష చేయిస్తే, కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే క్రియాటినిన్ 1.7 వచ్చింది, ఉండాల్సిన దానికన్నా ఎక్కువ. "ఇదివరకు ఎంతుండేదండీ?" అన్నారు చూసిన డాక్టరమ్మ. ఏం చెప్పను? ఆ కాగితం సంచిలో ఎక్కడో ఉంది. ఇంటికొచ్చాక మా కోడలు రెండు బిళ్ళల షీట్లూ పక్కపక్కన పెట్టి చదివింది. పైన పేర్లు వేరు, లోపల మందు ఒకటే, డైక్లోఫెనాక్. షుగరూ బీపీ ఉన్నవాడు నొప్పి బిళ్ళలు ఇష్టమొచ్చినట్టు మింగితే దెబ్బ కిడ్నీల మీద పడుతుందని అప్పుడు తెలిసింది. అవి ఆపాక 1.2కి దిగింది. అందరికీ అలా దిగుతుందని లేదట.

ఆ వారమే సంచి దించి మంచం మీద గుమ్మరించాను. మీరూ అక్కడే మొదలుపెట్టండి. ప్లాస్టిక్ కవర్లున్న ఫైలు ఒకటి కొనుక్కొచ్చి తేదీల వరసన పెట్టండి, కొత్తది పైన. ఈసీజీ తీసిన రోజే జిరాక్సు తీయించండి. అది వేడికి అచ్చుపడే కాగితం, కొన్నాళ్ళకి గీతలు వెలిసిపోతాయి. నాది ఒకటి ఇప్పుడు ఉత్త తెల్లకాగితం. ప్రతి కాగితానికీ ఫోనులో ఫొటో తీసి, ఇంట్లో ఇంకొకళ్ళకి కూడా పంపండి. మనం పడిపోయిన రోజున మన ఫోను లాకు తీసేదెవరు?

ఫైల్లో మొదటి కాగితం మాత్రం మీ చేత్తో రాయాలి. పేరు, వయసు, బ్లడ్ గ్రూపు, ఏ జబ్బు ఏ సంవత్సరం నుంచి, జరిగిన ఆపరేషన్లు, ఏ మందు పడదు, ఇంట్లోవాళ్ళ ఫోను నంబరు. కింద ఇప్పుడు వాడే మందులు. ఇక్కడే అందరూ "తెల్ల బిళ్ళ, పొద్దున ఒకటి" అని రాస్తారు. తెల్ల బిళ్ళలు షాపులో వెయ్యి రకాలు ఉంటాయి. షీటు తిప్పి చూడండి, కంపెనీ పెట్టిన పేరుతో పాటు అసలు మందు పేరు కూడా ఉంటుంది. నా గ్లైకోమెట్‌లో ఉన్నది మెట్‌ఫార్మిన్, టెల్మాలో టెల్మిసార్టాన్. ఆ పేరు, ఎన్ని మిల్లీగ్రాములో, ఏ పూటో రాయండి. కళ్ళజోడు పెట్టుకున్నా కనబడకపోతే ఫొటో తీసి పెద్దది చేసుకోండి, నేను చేసేది అదే. ఈ కాగితం నకలు ఒకటి నా పర్సులో ఉంటుంది.

ఈ పేర్లు చదవడం అలవాటైతే ఇంకో సంగతి కనబడుతుంది. జ్వరానికి వేసుకునే డోలో 650లో ఉన్నది పారాసెటమాల్. జలుబు బిళ్ళలు చాలావాటిలోనూ అదే ఉంటుంది. పెద్దవాళ్ళకి రోజు మొత్తం మీద 4 గ్రాములు దాటకూడదు, దాటితే కాలేయం దెబ్బతింటుంది. రెండు పేర్లతో ఒకటే మందు మింగేది నేనొక్కణ్ణే కాదు.

తర్వాత ఒక రూళ్ళ నోటుబుక్కు. తేదీ, పరగడుపు షుగరు, తిన్న రెండు గంటలకి షుగరు, బీపీ, హెచ్‌బీఏ1సీ, క్రియాటినిన్ అని గళ్ళు గీయండి. హెచ్‌బీఏ1సీ అంటే సుమారు మూడు నెలల సగటు షుగరు. పరీక్షకి ముందు రెండ్రోజులు స్వీట్లు మానేస్తే పరగడుపు షుగరు మోసపోవచ్చేమో గానీ ఇది మోసపోదు. కుదిరినంతవరకూ ఒకే ల్యాబులో చేయించండి. ఇంట్లో బీపీ చూసుకునేవాళ్ళు అరగంట ముందు కాఫీ, టీ, చుట్ట మానాలి. ఐదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలకి ఆనించి, మాట్లాడకుండా కూర్చోవాలి. పట్టీ చొక్కా మీద కాదు, చేతి మీద చుట్టాలి. మా బావగారు మేడ మెట్లెక్కి వచ్చీరాగానే చూసుకుని గోల పెట్టేవారు.

డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు రాత్రి అడగాల్సినవి రాసుకోండి. రెండో మూడో చాలు, అక్కడ దొరికేది ఐదు నిమిషాలు. కొత్త మందు రాస్తే నేను తప్పకుండా అడిగేవి ఇవి: ఇది దేనికి, ఎన్నాళ్ళు, పాతవాటిలో ఏది ఆపాలి. ఆయుర్వేదం చూర్ణం, పక్కింటివాళ్ళిచ్చిన బిళ్ళ, అన్నీ చెప్పేయండి. తిట్టినా పడండి. లేచే ముందు "అయితే ఇది రాత్రి అన్నం తిన్నాక ఒకటి, నెల రోజులు, అంతేనా అండీ" అని తిరిగి అప్పజెప్పండి. ఒకసారి నేను తప్పు విన్నది అలాగే బయటపడింది.

ఆసుపత్రిలో చేరితే, డిశ్చార్జి కాగితం కౌంటరు దగ్గరే చదవండి. పేరు, వయసు, ఎడమా కుడీ సరిచూడండి. స్కానింగు తీస్తే ఫిల్ముతో పాటు సీడీ అడగండి. చేరినప్పటి కేసు షీటు నకలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని, ఆ రికార్డులు మూడేళ్ళు ఉంచాలని డాక్టర్లకి 2002 నుంచి నిబంధన ఉంది. నోటిమాటగా కాదు, కాగితం మీద రాసి అడగండి, అందినట్టు సంతకం తీసుకోండి. ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆభా నంబరు, అంటే మన ఆరోగ్య ఖాతా నంబరు, కూడా తీసుకోండి, డబ్బులేం కట్టక్కర్లేదు. కాగితాలు ఫోనులో చూసుకోవచ్చు, మనం ఒప్పుకుంటేనే వేరే డాక్టరుకి కనబడతాయి. అయినా నేను ఫైలు వదల్లేదు. ఫోనుకి ఛార్జింగు అయిపోతుంది, ఫైలుకి అవదు.

మొన్న మా ఆవిడకీ ఒక ఫైలు తెచ్చాను. "నాకేం జబ్బుందని?" అంది. సరే, మొదటి కాగితమైనా నింపుదామని కూర్చుంటే బ్లడ్ గ్రూపు దగ్గరే ఆగిపోయాం. ఇద్దరు పిల్లల్ని కన్న మనిషి, ఆ కాగితాలు ఏమయ్యాయో ఆమెకీ తెలీదు, నాకూ తెలీదు. సోమవారం ల్యాబుకి తీసుకెళ్తున్నాను. ఎలాగూ వెళ్తున్నాం కదా, షుగరు కూడా చూపిద్దామని పరగడుపునే రమ్మన్నాను. కాఫీ తాగకుండా రానంటోంది.