పి0171 కోడ్ వచ్చిందని ఆక్సిజన్ సెన్సార్ కొనే ముందు

పాత పెట్రోలు కారులో ఇంజిన్ లైటు వెలిగి, మైలేజీ పడిపోయి, ఐడ్లింగ్‌లో బండి వణుకుతుంటే స్కానర్‌లో (కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్‌లను చదివే పరికరం) సాధారణంగా పి0135 గానీ పి0171 గానీ కనబడుతుంది. రెంటికీ ఆక్సిజన్ సెన్సార్ (పొగ గొట్టంలో మిగిలిన ఆక్సిజన్‌ను బయటి గాలితో పోల్చి కొలిచేది) మార్చేయడం మన విశాఖపట్నంలో అలవాటైపోయింది. పి0135 సెన్సార్ లోపలి హీటర్ సర్క్యూట్‌కు సంబంధించినది. పి0171 మాత్రం మిశ్రమంలో పెట్రోలు తక్కువైందని కంప్యూటర్ భావిస్తున్నట్టు చెబుతుందే తప్ప, సెన్సార్ పోయిందని చెప్పదు. ఆ కోడ్ చూసి సెన్సార్ మార్చడం, జ్వరం చూపించిందని థర్మామీటరును మార్చడం వంటిదే.

పి0135 అయితే ముందు ఫ్యూజు, తరువాత కప్లర్ (సెన్సార్ వైర్లను కలిపే ప్లగ్గు) చూడాలి. బీచ్ రోడ్డు పరిసరాల్లో ఆరుబయట నిలిపే బండ్లలో ఉప్పుగాలికి కప్లర్ పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. నిమిషంలో తేలిపోయే ఈ పరీక్షను ఎందుకు వదిలేస్తారో అర్థం కాదు. పిన్నులు శుభ్రంగా ఉంటే, సాధారణంగా ఒకే రంగులో ఉండే రెండు హీటర్ వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. చల్లని సెన్సార్‌లో కొద్ది ఓముల నిరోధం చూపాలి. సర్క్యూటే లేనట్టు (OL) చూపితే హీటర్ తెగిపోయినట్టే, అప్పుడు సెన్సార్ మార్చడం తప్పదు.

అసలు మోసం పి0171 దగ్గర ఉంది. సెన్సార్‌కు ముందున్న మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒకే పైపులోకి చేర్చే భాగం) ప్యాకింగ్‌లోనో, పైపులు కలిసే ఫ్లాంజి దగ్గరో సన్నని లీక్ ఉంటే పొగ బయటికి రావడమే కాదు, బయటి గాలి లోపలికి కూడా పోతుంది. సిలిండర్ పొగ వదిలిన ప్రతిసారీ వెనువెంటనే పైపులో ఒత్తిడి క్షణకాలం బయటి గాలి కంటే తక్కువకు దిగుతుంది, ఆ క్షణంలో చొరబడిన గాలిలోని ఆక్సిజన్‌ను సెన్సార్ నిజాయితీగానే కొలిచి 0.2 వోల్టుల కంటే తక్కువ, అంటే పెట్రోలు తక్కువైందని చూపుతుంది, కంప్యూటర్ దాన్ని నమ్మి పెట్రోలు పెంచుకుంటూ పోతుంది. కొత్త సెన్సార్ బిగించినా అదే గాలిని అదే విధంగా కొలుస్తుంది కనుక, కోడ్ చెరిపేసిన కొద్ది రోజులకే లైటు మళ్లీ వెలుగుతుంది.

ఈ లీక్ షెడ్డులో దొరకకపోవడానికి కారణం వేడి. ఉదయం చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే మ్యానిఫోల్డ్ దగ్గర టిక్ టిక్‌మనే శబ్దం వస్తుంది. లోహం వేడెక్కి వ్యాకోచించాక సందు మూసుకుని శబ్దం ఆగిపోతుంది. గాజువాక ఆటోనగర్ దాకా నడుపుకుంటూ వెళ్లిన బండిలో ఇక మెకానిక్‌కు వినబడేదేమిటి? అందువల్ల రాత్రంతా నిలిపిన బండినే పరీక్షించాలి. ఇంజిన్ ఆపి ఉండగా సైలెన్సర్ చివర నుంచి బ్లోయర్‌తో గాలి పంపుతూ కీళ్ల మీద సబ్బునీళ్లు చల్లితే లీక్ ఉన్నచోట బుడగలు లేస్తాయి. కీలు చుట్టూ మసిచార కనిపించినా అది గట్టి ఆధారమే. ఇంజిన్‌లోకి గాలి వెళ్లే ఇన్‌టేక్ వైపు లీక్ కూడా ఇదే కోడ్ ఇస్తుంది కాబట్టి స్పార్క్ ప్లగ్గులు విప్పి చూడండి: నల్లగా మసిబారి ఉంటే పెట్రోలు నిజానికి ఎక్కువే అందుతోందని, అనుమానం పొగ గొట్టం వైపే మళ్లించాలని అర్థం.

ప్యాకింగ్ కొత్తదే వేయాలి. తుప్పు పట్టిన నట్లకు ముందురోజే తుప్పు వదిలించే నూనె పట్టించకపోతే స్టడ్లు విరుగుతాయి. మామూలు సిలికాన్ పేస్టుతో సందు పూడ్చవద్దు; దాని ఆవిరి మంచి సెన్సార్‌ను కూడా పాడుచేస్తుంది.

లీక్ లేదని తేలాక సెన్సార్‌ను అనుమానించవచ్చు. సెన్సార్ బాగా వేడెక్కాక యాక్సిలరేటర్ ఒక్కసారిగా నొక్కితే వోల్టేజీ 0.8 దాటాలి, వదిలితే 0.2 లోపుకు రావాలి. మందకొడిగా కదిలితే మార్చండి. మార్చేటప్పుడు ఇంజిన్ గోరువెచ్చగా ఉంటే మర సులభంగా వదులుతుంది. 22 మిల్లీమీటర్ల పానా సరిపోతుంది, వైరు కోసం చీలిక ఉన్న సాకెట్ అయితే ఇంకా మేలు. కొత్తదాని మరలకు మర బిగుసుకుపోకుండా కంపెనీయే పేస్టు పూసి ఇస్తే మళ్లీ పూయనక్కరలేదు. కప్లర్‌లో గ్రీజు నింపవద్దు, ఎందుకంటే చాలా సెన్సార్లు పోలికకు కావలసిన బయటి గాలిని వైర్ల లోపలి నుంచే తీసుకుంటాయి.

కంప్యూటర్ చెడిపోవడం, కూలెంట్ పడి సెన్సార్ పాడవడం అరుదు. పైవన్నీ అయ్యాక చూసుకోవచ్చు. మరమ్మతు తరువాత కోడ్ చెరిపి, ఆనందపురం వైపు హైవే మీద ఒక చుట్టు తిరిగి వచ్చి స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోలును ఎంత శాతం పెంచుతోందో, తగ్గిస్తోందో చూపే అంకె) చూడండి. అది ఐడ్లింగ్‌లోనూ, 2,500 ఆర్‌పీఎం దగ్గరా 10 శాతం లోపు ఉండాలి. ఐడ్లింగ్‌లో మాత్రమే ఎక్కువ చూపిస్తే మర్నాడు ఉదయం చల్లని ఇంజిన్‌తో సబ్బునీళ్ల పరీక్ష మరోసారి చేయండి.