సైనిక దుస్తుల సేకరణ – నాలుగవ పాఠం: కోటు ధర, కథ ధర, పక్కా బిల్లు

గత మూడు పాఠాలలో బట్టను, గుండీలను, బ్యాడ్జీలను విడివిడిగా పరీక్షించడం నేర్చుకున్నాము. ఈ పాఠంలో ఆ మూడింటినీ కలిపి ఒక కోటుకు ధర కట్టడం, ఆ ధర చెప్పే మనిషి మాట ఎంతవరకు నిలుస్తుందో తెలుసుకోవడం నేర్చుకుందాము. ముందుగా నేను మోసపోయిన సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ పద్ధతి అంతా ఆ నష్టంలోంచే వచ్చింది.

చాలా ఏళ్ల క్రితం పాతబస్తీలో ఒక పాత సామాన్ల దుకాణంలో ముదురు నీలం రంగు కోటు ఒకటి కొన్నాను. నిజాం గారి లాన్సర్ల (ఈటెలు పట్టే గుర్రపు రౌతుల) దళంలో పనిచేసిన అధికారిదని, ఆయన మనవడే స్వయంగా తెచ్చి అమ్మాడని దుకాణదారు చెప్పాడు. 18,000 రూపాయలు ఇచ్చాను. గుండీల వెనుక బర్మింగ్‌హామ్ తయారీదారు ముద్ర ఉంది, అది నిజమైనదే. ఇంటికి వచ్చాక లోపలి అతుకు దగ్గర వేలాడుతున్న దారం ముక్కను తీసి అగ్గిపుల్లతో కాల్చితే, అది బూడిద కాకుండా కరిగి, చల్లారాక నల్లటి గట్టి పూసలా మిగిలింది. పాలియెస్టర్ దారం బజారులోకి వచ్చింది రెండవ ప్రపంచ యుద్ధం తరువాతనే. అయినా మరమ్మతులో ఎవరో కొత్త దారం వాడి ఉంటారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. మరునాడు పత్తర్‌గట్టి దగ్గర జర్దోసీ పని చేసే ఒక పెద్దాయనకు ఆ కోటు చూపిస్తే, ఆయన మెడపట్టీ మీది జరీని గోటితో ఒకసారి గీకి, నవ్వి, "ఇది బారాత్‌లో బ్యాండు వాయించేవాళ్ల కోటు సాబ్, గుండీలు మాత్రం ఎక్కడివో మంచివి వేశారు" అన్నారు.

ఆ గుండీల విలువ అప్పట్లో రెండు వేలకు మించదు. మిగిలిన పదహారు వేలు నేను ఇచ్చింది మనవడి కథకు.

కాబట్టి ఏ కోటు ముందు నిలబడినా మొదట చేయవలసింది ముక్కల లెక్క. బ్యాడ్జీలు లేని ఉత్త కోటు ఎంత, భుజం గుర్తులు ఎంత, గుండీలు ఎంత, పతకాల రిబ్బన్లు ఎంత అని వేరువేరుగా కాగితం మీద వేసుకోవాలి. ఉదాహరణకు కోటు 12,000, బ్యాడ్జీలు 4,000, గుండీలు 2,000, రిబ్బన్లు 1,500 అనుకుంటే మొత్తం 19,500 అవుతుంది. అమ్మేవారు 65,000 అడిగితే తేడా 45,500. ఈ తేడా అన్యాయమని నేను అనడం లేదు. ఒకే వ్యక్తి ధరించిన, ఏ ముక్కా మారని పూర్తి కోటు ముక్కల మొత్తం కంటే ఎక్కువ పలకడం సహజమే. కాని ఆ తేడా మొత్తం ఒక పేరుకు, ఒక యుద్ధానికి, ఒక కుటుంబానికి కడుతున్న ధర కాబట్టి, దానికి తగిన సాక్ష్యం కూడా కోటు మీదనో కాగితం మీదనో ఉండాలి.

హైదరాబాదులో ఈ కథ ధర ఎక్కువగా ఒక్క మాట మీద నడుస్తుంది, "నిజాం ఫౌజు". ఈ మాట వినగానే కొనుగోలుదారు ఆగి అడగవలసినది, ఏ ఫౌజు అని. హైదరాబాదు పేరు పెట్టుకున్న సైన్యాలు ఒకటి కాదు. నిజాం ఖర్చుతో, బ్రిటిషు అధికారుల చేతి కింద నడిచిన హైదరాబాద్ కాంటింజెంట్‌ను 1903లో రద్దు చేసి దాని పటాలాలను బ్రిటిషు ఇండియా సైన్యంలో కలిపారు. వాటి వారసత్వంతోనే 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ ఏర్పడింది, 1945లో దాని పేరును కుమావూఁ రెజిమెంట్‌గా మార్చారు. అంటే "హైదరాబాద్" అని బ్యాడ్జీ మీద ఉన్నంత మాత్రాన అది నిజాం గారి సొంత సైన్యానిది కాదు, రెండవ ప్రపంచ యుద్ధంలో పోరాడిన ఇండియన్ ఆర్మీ పటాలానిది కావచ్చు. అది వేరే సరుకు, దాని ధర వేరు, దాన్ని వెదికేవారు కూడా వేరు. నిజాం రాజ్యపు సొంత బలగాలలో మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లిన లాన్సర్లు ఈజిప్టు, పాలస్తీనా రంగాలలో పనిచేశారు. ఢిల్లీలో 1922లో వెలసిన తీన్ మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లకు గుర్తు. రాజ్యపు సైన్యం కథ 1948 సెప్టెంబరులో జరిగిన పోలీసు చర్యతో (ఆపరేషన్ పోలోతో) ముగిసింది. ఇంత తేడా ఉన్న వాటిని అన్నింటినీ ఒకే మాటతో అమ్మేవారు తెలియక అలా అంటున్నారా, తెలిసే అంటున్నారా అన్నది రెండో ప్రశ్న వేస్తే తేలిపోతుంది.

తేదీల పొంతన కూడా ఇక్కడే చూసుకోవాలి. స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన సైన్యం కిరీటం గుర్తునే వాడింది, 1950 జనవరి 26 నుంచి ఆ స్థానంలో అశోక స్తంభపు సింహాలు వచ్చాయి. 1944 నాటి బర్మా రంగపు ఆకుపచ్చ చొక్కా అని చెప్పి దాని భుజం మీద సింహాలు చూపిస్తే, ఆ చొక్కాను తరువాత కూడా వాడారని అనుకోవచ్చు గాని "యుద్ధంలో ఉన్నది ఉన్నట్టుగా" అన్న మాట మాత్రం అబద్ధమే. అలాంటి దానికి యుద్ధకాలపు ధర ఇవ్వకూడదు.

సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? బ్రిటిషు కాలపు అధికారుల కోట్లలో లోపలి జేబుకు దర్జీ చీటీ కుట్టి, దాని మీద అధికారి పేరు, తేదీ సిరాతో రాసేవారు. ఆ పేరును అప్పటి ఆర్మీ లిస్టులలో (సైనికాధికారుల పేర్ల పట్టికలలో), లండన్ గెజెట్‌లో (బ్రిటిషు ప్రభుత్వ ప్రకటనల పత్రికలో) వెదకవచ్చు. నిజాం కాలపు దస్తావేజులకు తార్నాకలోని రాష్ట్ర పురాలేఖాగారం ఉంది. అయితే చీటీని మరో కోటు నుంచి ఊడదీసి కుట్టడం పది నిమిషాల పని. కాబట్టి చీటీ కింద బట్ట పక్కనున్న బట్టతో సమానంగా మాసి ఉందా, లేక చీటీ ఆకారంలో రంగు నిలిచి ఉందా అని ఎత్తి చూడాలి. బ్యాడ్జీల విషయంలోనూ ఇదే సూత్రం. ఉన్నిని పురుగు తింటుంది. బ్యాడ్జీ చుట్టూ పురుగు కొట్టిన రంధ్రాలు బ్యాడ్జీ కిందికి కూడా సాగి, పైనున్న ఉన్ని బ్యాడ్జీకి మాత్రం ఏమీ కాకపోతే, అది పురుగు తిన్న తరువాత వచ్చి కూర్చున్నదని అనుమానించాలి. చాలామంది అతినీలలోహిత (యూవీ) దీపం పట్టుకుని దారం మెరిస్తే నకిలీ అని తేల్చేస్తారు. నిజమైన పాత చొక్కాను కూడా ఈ కాలపు సబ్బుపొడితో ఒకసారి ఉతికితే మెరుస్తుంది. దీపం ఒక్కటే చూసి తీర్పు చెప్పేవారి దగ్గర నేను కొనను, వారికి అమ్మను కూడా.

ఇక ధరలను దేనితో పోల్చాలి అన్న విషయం. దుకాణం గోడ మీద రాసిన ధర అడిగే ధర మాత్రమే. అమ్ముడుపోయిన ధరే ప్రమాణం. విదేశీ వేలం సంస్థలు జరిగిన వేలాల ధరలను బహిరంగంగా ఉంచుతాయి గాని, అక్కడ కనిపించే అంకె చాలాసార్లు సుత్తి పడిన ధర, అంటే వేలంలో చివరి పాట. దాని మీద కొన్నవారు రుసుము కట్టాలి. 30,000 దగ్గర సుత్తి పడి రుసుము 24 శాతం అయితే కొన్నవారు ఇచ్చింది 37,200, ఆపైన పన్ను, రవాణా, సుంకం వేరు. అమ్మినవారికి వారి కమిషన్ పోగా 30,000 కంటే తక్కువే చేతికి వచ్చింది. మన దుకాణదారు "లండన్‌లో ఇంత పలికింది" అన్నప్పుడు ఈ రెండు అంకెలలో ఏది చెబుతున్నాడో అడగాలి. లాభం వేసుకోవడాన్ని మాత్రం తప్పు పట్టకండి. ఒక కోటు కొనేవారి కోసం ఏళ్ల తరబడి అల్మరాలో వేలాడితే దాని అద్దె కూడా ఆ ధరలోనే ఉంటుంది.

అమ్మేవారి నిజాయితీని కొలవడానికి "ఇది అసలుదేనా" అని అడగడం వృథా, ఎందుకంటే ఆ ప్రశ్నకు అందరూ ఒకే జవాబు చెబుతారు. "ఇందులో ఏ భాగం మార్చారు?" అని అడగండి. డెబ్బై, ఎనభై ఏళ్ల కోటులో ఒక్క గుండీ కూడా మారలేదని చెప్పేవాడి కంటే, అస్తరు మార్చారని, ఎడమ భుజం గుర్తు తానే వెదికి వేశానని ముందుగా చెప్పేవాడు నమ్మదగినవాడు. తరువాత, "ఆరు నెలల్లో తిరిగి తెస్తే ఎంతకు తీసుకుంటారు?" అని అడగండి. అప్పుడు వచ్చే అంకె ఆ వస్తువు మీద అతనికి ఉన్న అసలు నమ్మకం. 65,000 చెప్పిన కోటుకు 40,000 అంటే అది వ్యాపారం, 8,000 అంటే మీరు కథ కొంటున్నారు.

చివరికి అన్నీ బిల్లు దగ్గరికి చేరతాయి. నోటితో చెప్పిన ప్రతి మాటనూ పక్కా బిల్లు మీద రాయమనండి: ఏ దళం, ఏ కాలం, ఏది అసలు, ఏది తరువాత చేర్చినది, అబద్ధమని తేలితే ఎన్ని రోజుల్లో డబ్బు తిరిగి ఇస్తారు. "పాత కోటు ఒకటి" అని రాసిన కచ్చా చీటీ ఏ పనికీ రాదు. నేను చెప్పిన నీలం కోటు దుకాణదారు నాకు ఇచ్చింది సరిగ్గా అలాంటి చీటీనే, "ఇవన్నీ ఎందుకు సాబ్, నా మాట చాలదా" అని నొచ్చుకున్నట్టు ముఖం పెట్టాడు. ఆ ముఖం చూసి మొహమాటపడటం నా తప్పు. ఆ తరువాత కొన్న వాటిలో, రాసి ఇవ్వడానికి వెనుకాడిన చోట నేను ఒక్కటి కూడా కొనలేదు. రెండు మంచి వస్తువులు అలా చేజారి ఉండవచ్చు కూడా.

చట్టం గురించి ఒక మాట. నూరేళ్లు దాటిన చారిత్రక వస్తువు 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది. వాటిని వ్యాపారంగా అమ్మేవారికి లైసెన్సు ఉండాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని దేశం దాటించకూడదు. మొదటి ప్రపంచ యుద్ధపు కోట్లు ఇప్పుడు ఆ గీత దాటాయి. కాబట్టి ఆ కాలపు వస్తువు చూపించినప్పుడు లైసెన్సు గురించి అడగడానికి సంకోచించవద్దు.

అభ్యాసం: ఇంట్లో అమ్మమ్మ కాలపు వెండి జరీ పట్టుచీర అంచును, ఈమధ్య కొన్న చవక చీర అంచును పక్కపక్కన పెట్టి, మడతల దగ్గర అరిగిన చోట చూడండి. మొదటిదానిలో వెండి నల్లబడి లోపలి ఎర్ర పట్టుదారం కనిపిస్తుంది, రెండవది ప్లాస్టిక్ పొరలా లేస్తుంది. ఆ తరువాత గురువారం నాడు జుమ్మేరాత్ బజారుకు వెళ్లి ఏదైనా ఒక పాత కోటుకు ముక్కల లెక్క వేసి, పై రెండు ప్రశ్నలూ అడిగి, జవాబులను అక్కడే రాసుకోండి. కొనవద్దు. వచ్చే పాఠంలో ఆ జవాబులను ముందు పెట్టుకుని బేరం ఎక్కడ మొదలుపెట్టాలో చూద్దాము.