దూరం నుంచి రిపేరుకు ఏ సాఫ్ట్‌వేర్?

మాది కంప్యూటర్ రిపేరు పని. మా కస్టమర్లలో ఎక్కువమంది వరంగల్ ఎనుమాముల మార్కెట్ అడ్తి దుకాణాల వాళ్లే. మిర్చి సీజన్‌లో లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ ఆగిందంటే హన్మకొండ నుంచి బండి తీసేంత టైమ్ ఉండదు, రిమోట్‌లోనే చూడాలి.

ముందు లైసెన్స్ సంగతి తేల్చుకోండి. దూరం నుంచి కంప్యూటర్ నడిపే టీమ్‌వ్యూయర్ ఉచితమనేది సొంత వాడకానికే. వ్యాపారానికి వాడుతున్నట్టు పసిగడితే సెషన్ మధ్యలోనే తెగిపోతుంది. కొనేటప్పుడు ఒకేసారి ఎన్ని సెషన్లు తెరవొచ్చో అడగండి. అలాంటిదే రస్ట్‌డెస్క్, ఓపెన్ సోర్స్, సొంత సర్వర్ పెట్టుకోవచ్చు. దాన్ని చూసుకునే ఓపిక ఉంటేనే.

ట్రయల్‌లో నేను తప్పక చూసేది ఒకటుంది. అవతలి కంప్యూటర్‌లో అడ్మిన్ పర్మిషన్ పెట్టె రాగానే మనకు స్క్రీన్ నల్లబడుతుందా? నల్లబడితే "అన్నా, ఆ యెస్ నొక్కు" అని ఫోన్‌లో బతిమాలాల్సిందే. సాఫ్ట్‌వేర్‌ను ఊరికే రన్ చేయకుండా పూర్తిగా ఇన్‌స్టాల్ చేసి మళ్లీ చూడండి. రీస్టార్ట్ తర్వాత దానంతటదే కలుస్తుందో లేదో కూడా.

విండోస్‌లో రిమోట్ డెస్క్‌టాప్ ఉంది కదా అని రౌటర్‌లో దానికోసం 3389 పోర్టు తెరవకండి. ఫైళ్లకు తాళమేసి డబ్బులడిగే రాన్సమ్‌వేర్ వచ్చే దారుల్లో అదొకటి.

యూపీఐ మోసాలకు టీమ్‌వ్యూయర్ లాంటిదే అయిన ఎనీడెస్క్‌ను వాడుతున్నారని రిజర్వ్ బ్యాంకు 2019లోనే హెచ్చరించింది. అందుకే ప్రతి సేటుకూ గట్టిగా చెప్తాను: మీరే నాకు ఫోన్ చేసినప్పుడు తప్ప రిమోట్ కనెక్షన్ కోడ్ ఎవరికీ ఇవ్వకండి.